5 కిలోమీటర్లే.. కానీ చుక్కలు చూపిస్తుంది! నిటారు కొండ పరుగుకు ఎలా సిద్ధం కావాలి? ఎక్కడ నడవాలి.. ఎక్కడ పరిగెత్తాలి?

ఐదు కిలోమీటర్లు. రోజూ పొద్దున్నే పార్కులో పరిగెత్తేవాళ్లకు అదో లెక్కే కాదు. అరగంటలో అయిపోతుంది, ఇంటికెళ్లి టిఫిన్ చేసేయొచ్చు. కానీ అదే ఐదు కిలోమీటర్లను అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, సీవార్డ్ అనే చిన్న ఊళ్లో పరిగెత్తమంటే? అక్కడ గంటలో పూర్తి చేసినవాళ్లను గట్టి రన్నర్లుగానే చూస్తారు. చాలామంది ఒళ్లంతా బురదతో, గీరుకుపోయిన మోచేతులతో, మోకాళ్ల దగ్గర రక్తం కారుతూ ఫినిష్ లైన్‌కు చేరుకుంటారు.

దాని పేరు మౌంట్ మారథాన్ రేస్. ఏటా జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం రోజున జరుగుతుంది. పేరులో మారథాన్ ఉంది కదా అని 42 కిలోమీటర్లు అనుకుంటే పొరపాటే. మౌంట్ మారథాన్ అనేది ఆ కొండ పేరు. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో పరుగు మొదలవుతుంది. కాసేపు తారు రోడ్డు. ఆ తర్వాత కొండ. 3,022 అడుగుల ఎత్తున ఉన్న మలుపు దగ్గర ఓ బండను చుట్టి, మళ్లీ కిందికి దిగి ఊళ్లోకి రావాలి. అంటే దాదాపు 920 మీటర్ల ఎత్తు ఎక్కాలి, అంతే ఎత్తు దిగాలి. దూరం మాత్రం రానూపోనూ కలిపి ఐదు కిలోమీటర్లే!

ఇలాంటి పొట్టి, నిటారు కొండ పరుగులు ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్నాయి. మన దగ్గర కూడా ట్రైల్ రన్నింగ్ మీద ఆసక్తి పెరుగుతోంది. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లు కూడా సరదాకి పేరు ఇచ్చేస్తుంటారు. "ఐదు కిలోమీటర్లే కదా" అనుకోవడం దగ్గరే అసలు తేడా కొడుతుంది. మరి ఇలాంటి పరుగుకు ఎలా సిద్ధం కావాలి? ఎక్కేటప్పుడు శక్తిని ఎలా పొదుపు చేసుకోవాలి? దిగేటప్పుడు ఏం జరుగుతుంది? ఓసారి చూద్దాం.

పందెంతో మొదలైన పరుగు

ఈ కొండను గంటలోపు ఎక్కి దిగడం సాధ్యమా, కాదా అని వందేళ్ల కిందట ఇద్దరి మధ్య వాదన జరిగిందని, అది పందెంగా మారిందని సీవార్డ్‌లో చెప్పుకుంటారు. అధికారికంగా పోటీ మొదలైంది 1915లో. మొదటి విజేతకు పట్టిన సమయం 62 నిమిషాలు. అంటే గంటలోపు ఎవరూ చేయలేకపోయారన్నమాట!

ఇప్పుడు లెక్క మారిపోయింది. 1981లో బిల్ స్పెన్సర్ 43 నిమిషాల 21 సెకన్లలో పూర్తి చేస్తే, ఆ రికార్డును కొట్టడానికి 32 ఏళ్లు పట్టింది. 2013లో ఎరిక్ స్ట్రేబెల్ 42 నిమిషాల 55 సెకన్లతో దాన్ని దాటేశాడు. 2015లో స్పెయిన్‌కు చెందిన పర్వత పరుగుల దిగ్గజం కిలియన్ జోర్నెట్ వచ్చి 41:48కి తగ్గించాడు. అదే రోజు మహిళల విభాగంలో స్వీడన్‌కు చెందిన ఎమిలీ ఫోర్స్‌బెర్గ్ 47 నిమిషాల 48 సెకన్లతో కొత్త రికార్డు పెట్టింది. ఇంకేముంది, ఇక జోర్నెట్ రికార్డు ఏళ్ల తరబడి ఉంటుందనుకున్నారు. మరుసటి ఏడాదే డేవిడ్ నోరిస్ 41:26తో దాన్ని చెరిపేశాడు.

ఇక్కడో ఆసక్తికరమైన విషయం ఉంది. స్పెన్సర్, నోరిస్ ఇద్దరూ క్రాస్ కంట్రీ స్కీయింగ్ క్రీడాకారులు. మంచు మీద కొండలెక్కే ఆట అది. రోడ్డు మీద వేగంగా పరిగెత్తేవాళ్ల కంటే, ఎత్తుకు ఒంటి బరువును గంటసేపు ఆపకుండా లాక్కెళ్లగలిగేవాళ్లదే ఇక్కడ పైచేయి. రోడ్డు మీద మీ 5కే టైమ్ ఎంత అన్నది ఈ కొండకు పెద్దగా పట్టదు.

తిరుమల మెట్లు గుర్తున్నాయా?

తెలుగువాళ్లకు ఈ సంగతి అర్థం కావాలంటే అలాస్కా దాకా వెళ్లక్కర్లేదు. అలిపిరి నుంచి కాలినడకన తిరుమలకు వెళ్లినవాళ్లను అడిగితే చాలు. 3,550 మెట్లు. మొదట గాలి గోపురం దాకా ఏకబిగిన ఎక్కుడే. ఉత్సాహం కొద్దీ "గోవిందా" అంటూ రెండేసి మెట్లు దూకుతూ వెళ్లిన కుర్రాళ్లు గాలి గోపురం రాకముందే పక్కన గట్టు మీద కూలబడి కనిపిస్తారు. వాళ్ల పక్క నుంచే అరవై ఏళ్ల అవ్వలు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ, నింపాదిగా దాటి వెళ్లిపోతారు. చివర్లో మోకాళ్ల పర్వతం వచ్చేసరికి ఎవరి దగ్గర శక్తి మిగిలిందో తేలిపోతుంది.

శ్రీవారి మెట్టు దారి ఇంకో రకం. 2,388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. దగ్గరి దారి కదా అని వెళ్తే ఊపిరాడనివ్వదు. దూరం తగ్గితే వాలు పెరుగుతుంది. కష్టం ఎక్కడికీ పోదు, తక్కువ సమయంలో కుక్కి పెట్టినట్టవుతుంది. పొట్టి కొండ పరుగు స్వభావం సరిగ్గా ఇదే. (అన్నట్టు, అవి భక్తుల దారులు. పరుగు ప్రాక్టీస్‌కు వాటిని వాడుకోవడం పద్ధతి కాదు, రద్దీలో ప్రమాదం కూడా.)

కిలోమీటర్లు కాదు.. ఎత్తు లెక్క చూడాలి

రోడ్డు రన్నర్లకు వాచీలో 'కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు' అన్న లెక్క అలవాటు. నిటారు కొండ మీద ఆ లెక్క పనికిరాదు. అక్కడ కిలోమీటరుకు ఇరవై నిమిషాలు పట్టినా అది బ్రహ్మాండమైన వేగమే కావచ్చు. చూడాల్సింది గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నారన్నది.

స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఓ లెక్క చెప్పాడు. చదును నేల మీద మూడు మైళ్లకు ఓ గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు ఇంకో గంట వేసుకోవాలి. అంటే గంటకు దాదాపు 600 మీటర్ల ఎత్తు. నిమిషానికి పది మీటర్లు. అపార్ట్‌మెంట్ భాషలో చెప్పాలంటే నిమిషానికి మూడు అంతస్తులకు పైగా, గంటసేపు, ఆగకుండా. ట్రెక్కింగ్ చేసేవాళ్లు ఇప్పటికీ ఈ లెక్కనే వాడుతున్నారు.

మరి ప్రపంచస్థాయి రన్నర్లు? స్విట్జర్లాండ్‌లోని ఫుల్లీ అనే ఊళ్లో పాత కేబుల్ రైలు పట్టాల వెంట ఓ పోటీ జరుగుతుంది. కేవలం 1.92 కిలోమీటర్ల దూరంలో సరిగ్గా 1,000 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఇలాంటి పోటీలను వర్టికల్ కిలోమీటర్ అంటారు. 2014లో ఇటలీకి చెందిన ఉర్బన్ జెమ్మర్ అక్కడ 29 నిమిషాల 42 సెకన్లలో పైకి చేరాడు. అరగంటలోపు వెయ్యి మీటర్లు ఎక్కిన మొదటి మనిషి అతనే. గంటకు 2,000 మీటర్ల పైమాటే! అప్పటికి అతని వయసు 40 దాటింది. వయసైపోయింది అనుకునేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి?

మీ వేగం ఎంతో తెలుసుకోవడం చాలా తేలిక. ఎత్తు తెలిసిన ఓ గుట్ట చూసుకోండి. ఉదాహరణకు గుట్ట ఎత్తు వంద మీటర్లు అనుకుందాం. దాన్ని ఓ ఆరుసార్లు, ఒకే తీరుగా ఎక్కండి. సగటున ఎనిమిది నిమిషాలు పట్టిందంటే మీ వేగం గంటకు 750 మీటర్లు. ఆ లెక్కన 920 మీటర్ల కొండకు 73, 74 నిమిషాలు పడుతుంది. అయితే గుట్ట దిగేటప్పుడు మీకు విశ్రాంతి దొరికింది, అసలు కొండ మీద దొరకదు. కాబట్టి పైన ఇంకో పది నిమిషాలు కలుపుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. పోటీ రోజు ఈ అంకె ఒక్కటి బుర్రలో ఉంటే చాలు, పక్కవాడి వేగం చూసి మోసపోరు.

నడిస్తే నామోషీ కాదు

కొండ పరుగు అనగానే మొదటి నుంచి చివరిదాకా పరిగెత్తాలనుకుంటారు. నిజానికి నిటారు చోట్ల విజేతలు కూడా నడుస్తారు. దీని వెనక సైన్స్ ఉంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందుకోసమే ప్రత్యేకమైన ట్రెడ్‌మిల్‌ను దాదాపు 39 డిగ్రీల వరకూ వాలు పెట్టి వాడారు. కొండ పరుగుల్లో అనుభవం ఉన్న 15 మందిని దాని మీద నడిపించి, పరిగెత్తించి, ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నారో కొలిచారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. నిటారు వాలు మీద ఒకే వేగంతో పైకి వెళ్లేటప్పుడు పరుగు కంటే నడకకు సుమారు 8 నుంచి 9 శాతం తక్కువ శక్తి ఖర్చవుతోందని తేలింది. ఇంకో విషయం, తక్కువ శక్తితో ఎక్కువ ఎత్తు ఎక్కాలంటే 20 నుంచి 35 డిగ్రీల మధ్య వాలు అనుకూలమట. మౌంట్ మారథాన్ కొండ వాలు సగటున 30 డిగ్రీల పైనే ఉంటుంది.

అందుకే వాలు బాగా పెరిగిందనిపించగానే, ఊపిరి అందకుండా పోయేదాకా ఆగకుండా, ముందే నడకలోకి మారిపోవాలి. గుర్తు ఏంటంటే.. పరిగెత్తుతున్నా పక్కన నడిచేవాడు మీతో సమానంగా వస్తున్నాడంటే, మీరు నడవాల్సిన చోట పరిగెత్తుతున్నారని అర్థం.

నడకకూ ఓ పద్ధతి ఉంది. అడుగులు చిన్నగా వేయాలి. పెద్ద అడుగు వేస్తే ప్రతిసారీ ఒంటి కాలి మీద గుంజీ తీసినట్టే, తొడలు తొందరగా బిగుసుకుపోతాయి. అరచేతులు మోకాళ్ల పైభాగంలో తొడ మీద ఆనించి, అడుగు పడేటప్పుడు కిందికి నొక్కాలి. చేతుల బలం కూడా కాళ్లకు తోడవుతుంది. వీలున్నచోట మడమ కూడా నేలకు ఆనించాలి. ఎప్పుడూ మునివేళ్ల మీదే ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. చూపు కొండ శిఖరం మీద కాదు, ముందున్న రెండు మూడు అడుగుల మీద ఉండాలి. పైకి చూసినకొద్దీ కొండ ఇంకా ఎత్తు కనిపిస్తుంది తప్ప దగ్గరకు రాదు. చేతికర్రలు వాడొచ్చా లేదా అన్నది పోటీని బట్టి మారుతుంది, ముందే నిబంధనలు చూసుకోవాలి.

మొదటి ఐదు నిమిషాలే కొంప ముంచేది

మౌంట్ మారథాన్‌లో కొండ మొదలయ్యే ముందు తారు రోడ్డు ఉంటుందని చెప్పుకున్నాం కదా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. వీధికి రెండు వైపులా జనం, కేకలు, చప్పట్లు. పైగా కొండ మొదట్లో దారి ఇరుకు, వెనకపడితే ముందువాళ్లను దాటడం కష్టం అన్న కంగారు. అందరూ ఒక్కసారిగా దూసుకెళ్తారు.

అప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందంటే.. కండరాలకు శక్తి వెంటనే కావాలి, కానీ గుండె, ఊపిరితిత్తులు పూర్తి స్థాయికి రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా కండరాలు ఆక్సిజన్ అవసరం లేని దారిలో శక్తిని తయారు చేసుకుంటాయి. అది అప్పు లాంటిది. చదును నేల మీదైతే వేగం కాస్త తగ్గించి ఆ అప్పు తీర్చుకోవచ్చు. కానీ ఇక్కడ రోడ్డు అయిపోగానే ఎదురుగా గోడ లాంటి కొండ. అప్పు తీర్చే చోటే లేదు. మొదటి వంద మీటర్ల ఎత్తులోనే తొడలు మంటలెత్తుతాయి. అక్కడి నుంచి పైదాకా పడుతూ లేస్తూ పోవడమే.

ఇరుకు దారి ముందు మంచి స్థానం దొరకడం పోటీలో గెలవాలనుకునేవాళ్లకు ముఖ్యమే. మిగతావాళ్లకు మాత్రం అక్కడ మిగిలే ముప్ఫై సెకన్ల కోసం పైన ఐదు నిమిషాలు పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

ఎక్కుడులో మొదటి మూడో వంతు దాకా 'ఇంకా వేగంగా వెళ్లగలను' అనిపించే స్థాయిలోనే ఉండాలి. గుండె వేగం కొలిచే వాచీ లేకపోయినా ఫర్వాలేదు, మాటతో కొలుచుకోవచ్చు. మూడు నాలుగు మాటలు ఒక ఊపిరిలో చెప్పగలిగితే సరైన వేగం. ఒక్క మాట కూడా రావడం లేదంటే మించిపోయింది. మధ్య భాగంలో మాటలు రెండుకి తగ్గినా సరే. చివరి 150, 200 మీటర్ల ఎత్తులో ఉన్నదంతా పెట్టేయాలనిపిస్తుంది. కానీ ఎక్కి ఆగిపోయే పోటీ అయితేనే ఆ పని చేయాలి. దిగే పని కూడా ఉంటే కాళ్లలో పట్టు మిగిలి ఉండాలి.

దిగడం తేలిక అనుకుంటున్నారా?

ఎక్కడం ఊపిరి పరీక్ష అయితే, దిగడం కాళ్ల పరీక్ష, ధైర్యానికి పరీక్ష. అగ్రశ్రేణి రన్నర్లకు మొత్తం సమయంలో ముప్పావు వంతు ఎక్కడానికే పోతుంది. మిగతా పావు వంతులో అంత ఎత్తూ దిగిపోతారు! సీవార్డ్ కొండ మీద పైభాగమంతా కాలు పెడితే జారిపోయే పలక రాళ్లు, గులకరాళ్ల వాలు. కొన్నేళ్లు జూలైలో కూడా మంచు పట్టీలు మిగిలి ఉంటాయి. కిందికొచ్చేసరికి నీళ్లు పారే ఇరుకైన వాగు, తడి బండలు. ఆఖర్లో నిలువు రాతి గట్టు. గాయాల్లో చాలా వరకు ఈ దిగే దారిలోనే అవుతాయి.

దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుంది. బండికి బ్రేకులు వేసినట్టు. ఈ రకమైన పనిలో కండరాల పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. అందుకే మర్నాడు, ఎల్లుండి మెట్లు దిగలేక రెయిలింగ్ పట్టుకుని పక్కకి నడవాల్సి వస్తుంది. కానీ ఒంటికి ఓ మంచి గుణం కూడా ఉంది. ఒక్కసారి బాగా దిగుడు సాధన చేస్తే, ఆ తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి కండరాలు అంతగా దెబ్బతినవు. అంటే పోటీకి ముందే ఆ నొప్పి పడి ఉండాలి. గట్టి దిగుడు సాధన చివరిసారి పోటీకి పది, పన్నెండు రోజుల ముందు ఆపేస్తే, నొప్పి తగ్గిపోతుంది, రక్షణ మాత్రం మిగులుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే. ఎక్కుడు మీద పెట్టిన శ్రద్ధలో సగం దిగుడు మీద పెట్టినా ఫలితం కనిపిస్తుంది.

దిగే పద్ధతి విషయానికొస్తే, భయంతో వెనక్కి వాలడం మొదటి తప్పు. వెనక్కి వాలితే మడమలు జారి నడుం మీద పడతారు. నడుము కాళ్ల మీదుగా ఉండేలా కాస్త ముందుకే ఉండాలి. అడుగులు చిన్నవి, చురుకైనవి. చేతులు కోడి రెక్కల్లా పక్కలకు చాచితే బ్యాలెన్స్ దొరుకుతుంది. చూడ్డానికి బాగుండదు గానీ పడకుండా కాపాడేది అదే. గులకరాళ్ల వాలు మీద మాత్రం పద్ధతి వేరు. మడమ గుచ్చి, రాళ్లతో పాటే కాస్త జారనిచ్చి, తర్వాతి అడుగు వేయాలి. ఎవరికైనా సరిగ్గా కింద, అదే వరసలో పరిగెత్తకూడదు. పైవాళ్ల కాళ్ల కింది రాయి నేరుగా మీద పడుతుంది. మీ కాలి కింద రాయి కదిలితే గట్టిగా అరిచి కిందవాళ్లకు చెప్పాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

బూట్ల అడుగు గట్టి పళ్లతో ఉండాలి, రోడ్డు బూట్లు ఇక్కడ జారుడుబల్లే. సీవార్డ్‌లో చాలామంది బూట్లలోకి రాళ్లు దూరకుండా చీలమండ చుట్టూ వెండి రంగు డక్ట్ టేప్ చుట్టేస్తారు. చేతులకు పని గ్లవుజులు తొడుక్కుంటారు. పడినప్పుడు అరచేతులే ముందు ఆనతాయి మరి!

కొండలు లేని ఊళ్లో సాధన ఎలా?

కాకినాడలోనో, భీమవరంలోనో ఉన్నవాళ్లకు వెంటనే వచ్చే సందేహం ఇది. సమాధానం ఇంట్లోనే ఉంది. పది అంతస్తుల అపార్ట్‌మెంట్ అంటే దాదాపు 30 మీటర్ల ఎత్తు. దాన్ని ముప్ఫైసార్లు ఎక్కితే 900 మీటర్లు, అంటే దాదాపు సీవార్డ్ కొండ. వాచ్‌మన్ విచిత్రంగా చూసినా పట్టించుకోవద్దు. మొదటి రోజే ముప్ఫై ఎక్కేయకుండా ఎనిమిదితో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు చొప్పున పెంచుకుంటూ పోవాలి. తొలి వారాల్లో కిందికి లిఫ్టులో వచ్చినా ఫర్వాలేదు. నాలుగైదు వారాలయ్యాక మాత్రం కావాలనే మెట్ల మీద దిగాలి, తొడలకు కావాల్సిన సాధన అదే.

జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంటే 15 శాతం వాలు మీద ఆరు కిలోమీటర్లు నడిస్తే 900 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. ముందున్న కడ్డీ పట్టుకుని నడిస్తే మాత్రం ఆ లెక్క చెల్లదు. ఇంకో లోపం కూడా ఉంది. 15 శాతం అంటే ఎనిమిదిన్నర డిగ్రీలే. ముప్ఫై డిగ్రీల కొండ మీద పిక్క, మడమ వెనక నరం సాగేంతగా ఇక్కడ సాగవు. కాబట్టి నెలలో రెండు మూడుసార్లయినా నిజమైన గుట్ట ఎక్కాలి. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు భువనగిరి కోట బండ, వికారాబాద్ దగ్గర అనంతగిరి, విశాఖవాళ్లకు కైలాసగిరి లాంటివి అందుబాటులోనే ఉన్నాయి. ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్లి, బండ వేడెక్కకముందే దిగిపోవాలి.

వారానికి మూడుసార్లు అరగంట, నలభై నిమిషాలు తేలిగ్గా పరిగెత్తగలిగేవాళ్లకు పది నుంచి పన్నెండు వారాల సాధన సరిపోతుంది. వారంలో ఓ రోజు పొడవాటి ఎక్కుడు, నెమ్మదిగా. ఓ రోజు పొట్టి ఎక్కుళ్లు, అంటే మూడు నాలుగు నిమిషాల పాటు గట్టిగా ఎక్కడం, అంతే సమయం తేరుకోవడం, ఇలా ఐదారు సార్లు. మిగతా రోజుల్లో తేలిక పరుగు, రెండు రోజులు కాళ్ల బలానికి వ్యాయామం. గుంజీలు మన పాతకాలం బడి శిక్షే అయినా, ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఎత్తు పీట ఎక్కి, ఒక కాలి మీద మూడు సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం ఇంకా మంచిది. ఇది దిగుడుకు కావాల్సిన బ్రేకుల బలాన్నిస్తుంది. ప్రతి నాలుగో వారం సాధన బాగా తగ్గించాలి. చివరి పది రోజులు ఇంకా తగ్గించాలి. ఆఖరి వారంలో చేసిన కష్టం పోటీకి అక్కరకు రాదు, అలసట మాత్రం వస్తుంది.

తిండి గురించి పెద్ద హంగామా అక్కర్లేదు. గంట, గంటన్నర పరుగుకు కండరాల్లో నిల్వ ఉన్న శక్తి చాలు. రెండు మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు, ఓ అరటిపండు తింటే సరి. గారెలు, పూరీలు, నూనె పచ్చళ్లు ఆ రోజుకు పక్కన పెట్టాలి. సగం కొండ మీద అవి పైకి తన్నుకొస్తాయి. కొత్త రకం జెల్ ఏదైనా పోటీ రోజే మొదటిసారి రుచి చూడటం మంచిది కాదు.

వెనక్కి తిరగడం తెలిసి ఉండాలి

ఇదంతా వేగం కోసమే అనుకుంటే సరిపోదు. 2012లో మౌంట్ మారథాన్ పోటీలో పాల్గొన్న అరవై దాటిన వ్యక్తి ఒకరు మళ్లీ కిందికి రాలేదు. సాయంత్రం, అందరికంటే వెనక, పైనున్న మలుపుకు దగ్గర్లో ఆయన చివరిసారిగా కనిపించారు. రోజుల తరబడి వెతికినా ఆచూకీ దొరకలేదు. అదే ఏడాది దిగే దారిలో జారిపడి తీవ్రంగా గాయపడినవాళ్లూ ఉన్నారు. ఊరికి కూతవేటు దూరంలో, వందలమంది ఎక్కి దిగిన కొండ మీద ఇలా జరగడం అందరినీ కుదిపేసింది. ఆ తర్వాత నిబంధనలు గట్టి చేశారు. కొత్తగా వచ్చేవాళ్లు ముందే ఆ కొండ ఎక్కి దిగి, దారి చూసుకుని ఉండాలి. సగం దారికి కాలపరిమితి పెట్టారు, దాటితే వెనక్కి పంపేస్తారు.

ఈ పోటీలో మరో విశేషం, కచ్చితంగా ఇదే దారిలో వెళ్లాలన్న గీత ఉండదు. ఎక్కేటప్పుడు చెట్ల వేళ్లు పట్టుకుని పాకుతూ వెళ్లాలా, రాతి గట్టు ఎక్కాలా, మెలికల బాటలో చుట్టూ వెళ్లాలా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. అనుభవం లేనివాళ్లకు మెలికల బాటే మంచిది, పోయేది రెండు మూడు నిమిషాలే. పోటీకి ముందు రోజుల్లో కొండ మీదికి వెళ్లినప్పుడు ఎక్కే దారి కంటే దిగే దారినే ఎక్కువసార్లు చూసుకోవాలి. ఎక్కేటప్పుడు ఆలోచించడానికి సమయం ఉంటుంది, దిగేటప్పుడు ఉండదు.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉన్నవాళ్లు సాధన మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను కలవాలి. ఎక్కేటప్పుడు ఛాతీలో బిగపట్టినట్టు అనిపించినా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగిపోవాలి. ఒంటరిగా దిగే ప్రయత్నం చేయకుండా దగ్గర్లో ఉన్నవాళ్లకు చెప్పాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు. గట్టి దిగుడు పరుగు తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, దాన్ని 'నీళ్లు తక్కువ తాగాను' అని వదిలేయకూడదు. దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే పదార్థాలు కిడ్నీల మీద భారం వేస్తున్నాయనడానికి అది గుర్తు కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో దొరికే నొప్పి మాత్రలు అప్పుడు అసలు వేసుకోకూడదు, వాటిలో కొన్ని కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి.

ఇక మౌంట్ మారథాన్‌కు వెళ్లాలనుకునేవాళ్లకు ఓ చిన్న మాట. డబ్బు కట్టగానే చోటు దొరికే పోటీ కాదిది. గతంలో పూర్తి చేసినవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది, కొత్తవాళ్లకు మిగిలిన చోట్లకు లాటరీ తీస్తారు. పురుషులకు, మహిళలకు వేర్వేరుగా పరుగు మొదలవుతుంది. పిల్లలకు, టీనేజర్లకు ప్రత్యేకంగా సగం కొండ దాకా ఎక్కి దిగే పోటీ ఉంది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు చాలామంది మొదట దాంట్లోనే కాలు పెడతారు.